మెట్‌పల్లి పొలాల మీద పిడుగు: ఒక ప్రమాదపు చరిత్ర

నిజామాబాద్ నుంచి జగిత్యాలకు పోయే జాతీయ రహదారి మీద ఉన్న మెట్‌పల్లికి ఉత్తరాన, ఇబ్రహీంపట్నం, మల్లాపూర్ మండలాల అంచున గోదావరి పారుతుంది. నది దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా పల్లెలు, వాటి వెనుక నిర్మల్ గుట్టలు మొదలవుతాయి. ఎలగందుల జిల్లా స్థానంలో 1905లో ఏర్పడిన కరీంనగర్ జిల్లాలో నూరేళ్లకు పైగా ఉండి, 2016 అక్టోబరు 11న కొత్త జగిత్యాల జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతం వరికి, పసుపుకు, మక్కకు, ఖద్దరుకు పేరు పడింది. దీని గతాన్ని చెప్పేటప్పుడు కరువులు, వరదలు, చెరువులు, కాలువలు, గల్ఫ్ వలసలు తప్పక ప్రస్తావనకు వస్తాయి గానీ, ఏటా ఎండాకాలంలో మొదలై దసరా దాకా ఈ పల్లెల మీద పడే పిడుగుకు మాత్రం ఆ చరిత్రలో చోటు దొరకలేదు. కరువు ఊరంతటినీ ఒకేసారి పట్టుకుంటుంది, వరద ఊరంతటినీ ఒకేసారి ముంచుతుంది. పిడుగు ఒక పొలంలో ఒకరిని, మరో గుట్ట మీద ఇద్దరిని పొట్టన పెట్టుకొని పోతుంది కనుక, ఆ చావులు ఏ ఇంటి దుఃఖంగా ఆ ఇంట్లోనే మిగిలిపోయాయి. అయినా ఈ ప్రమాదానికీ ఒక చరిత్ర ఉంది. అది మేఘాల చరిత్ర కంటే ఎక్కువగా పనిపాటల చరిత్ర: ఏ నెలలో, ఏ పూట, ఏ పని మీద మనుషులు ఆరుబయట నిలబడవలసి వచ్చిందన్నదే, పిడుగు ఎవరి ప్రాణం తీస్తుందో చాలావరకు తేల్చింది.

పిడుగంటే మేఘానికీ నేలకూ మధ్య జరిగే విద్యుత్ ప్రవాహం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా కాగిన నేల మీది వేడిగాలి, బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమను వెంటబెట్టుకొని వడిగా పైకి లేచినప్పుడు, పది పదిహేను కిలోమీటర్ల ఎత్తు వరకు నిలువుగా పెరిగే మేఘం తయారవుతుంది. వాతావరణ శాస్త్రం దీనిని క్యుములోనింబస్ మేఘం అంటుంది. దాని లోపల మంచు స్ఫటికాలు, మెత్తని మంచు గుళికలు ఒకదానికొకటి తగిలి రాసుకోవడం వల్ల విద్యుదావేశాలు విడిపోయి, సాధారణంగా మేఘం పైభాగంలో ధనావేశం, కింది భాగంలో రుణావేశం పోగుపడతాయి. ఈ రెండింటి మధ్య ఒత్తిడిని గాలి ఇక ఆపలేని స్థితి వచ్చినప్పుడు మెరుపు పుడుతుంది. మెరుపు నడిచిన దారిలోని గాలి క్షణంలో సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచించడం వల్ల వినిపించే శబ్దమే ఉరుము. మెరుపుల్లో ఎక్కువ భాగం మేఘాల్లోనే పుట్టి మేఘాల్లోనే ఆరిపోతాయి. మిగిలిన వాటిలో నేలను తాకేదే పిడుగు, దానిలో ప్రవహించే విద్యుత్తు మామూలుగా 30,000 ఆంపియర్ల దాకా ఉంటుంది.

ఇవి ఎంత తరచుగా పడతాయన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగే సాధనాలు మనిషి చేతికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడిన తరువాత చాలాకాలం పాటు లెక్కకు ఆధారం పరిశీలకుడి చెవి ఒక్కటే. పరిశీలనా కేంద్రంలో ఉన్న మనిషికి ఒక రోజులో ఒక్క ఉరుము వినిపించినా, వంద ఉరుములు వినిపించినా, ఆ రోజును ఉరుముల రోజు అని రాసుకునేవారు. ఉరుము పదిహేను, ఇరవై కిలోమీటర్లకు మించి వినిపించదు కనుక, కేంద్రానికి దూరంగా ఉన్న పల్లెల మీద ఏమి జరిగిందో ఆ పుస్తకానికి తెలిసేది కాదు. ఉత్తర తెలంగాణలో అటువంటి కేంద్రాలు నిజామాబాద్, రామగుండం, ఆదిలాబాద్, హన్మకొండ వంటి చోట్ల ఉండగా, వాటి మధ్య ఉన్న మెట్‌పల్లి ఆకాశం ఎవరి వినికిడికీ అందలేదు. 1995లో అమెరికా అంతరిక్ష సంస్థ మెరుపులను పగలూ రాత్రీ పసిగట్టే పరికరాన్ని ఉపగ్రహంలో పంపాకే, భూమ్మీద సగటున సెకనుకు 44 మెరుపులు, అంటే ఏడాదికి 140 కోట్ల వరకు మెరుస్తాయని, వాటిలో అత్యధిక భాగం సముద్రం మీద కాక నేల మీదనే పుడతాయని తేలింది. వెనిజులాలోని మారకైబో సరస్సు మీద చదరపు కిలోమీటరుకు ఏడాదికి 233 మెరుపులు లెక్కకు వచ్చాయి. ప్రపంచంలో అంతకు మించిన చోటు కనిపించలేదు. తెలుగు నేల మీద ఈ లెక్క జనం దృష్టికి వచ్చినది 2018 ఏప్రిల్ 24న. ఆ ఒక్కరోజు పదమూడు గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్ మీద 36,749 పిడుగులు పడినట్లు ఆ రాష్ట్ర విపత్తు నిర్వహణ యంత్రాంగం ప్రకటించగా, ఆ వార్త దేశదేశాల పత్రికల్లో వచ్చింది. ఆనాడు కనీసం తొమ్మిది మంది చనిపోయారు. వేల పిడుగులకు తొమ్మిది ప్రాణాలన్న నిష్పత్తిని చూసి ప్రమాదం చిన్నదనుకోవడం పొరపాటు; ఆ పిడుగులు పడిన చోట్ల మనుషులు లేకపోవడమే మిగిలిన వారిని కాపాడింది గానీ పిడుగు బలహీనపడి కాదు.

సాధనాలు లేని కాలంలో కూడా పిడుగును గమనించినవారు, వర్గీకరించినవారు ఉన్నారు. ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆకాశం నుంచి పడే వెలుగులను ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని ఐదు రకాలుగా విడదీసి, వాటిలో అశని పెద్ద చప్పుడుతో చక్రంలా తిరుగుతూ నేలను చీలుస్తుందని, మనుషుల మీద, ఏనుగుల మీద, గుర్రాల మీద, రాళ్ల మీద, ఇళ్ల మీద, చెట్ల మీద, పశువుల మీద పడుతుందని చెప్పాడు. శకునశాస్త్రంగా రాసిన గ్రంథమే అయినా, పిడుగు వేటిని దెబ్బతీస్తుందన్న జాబితా కళ్లారా చూసినవారి జాబితాలాగే ఉంది. పల్లెల్లో ప్రచారంలో ఉన్న రక్ష మాత్రం మహాభారతం నుంచి వచ్చింది. విరాటపర్వంలో ఉత్తరకుమారుడికి అర్జునుడు తన పది పేర్లు చెబుతాడు. వజ్రాయుధాన్ని ధరించే ఇంద్రుడి కొడుకు అర్జునుడు కనుక, కొడుకు పేర్లు తలచిన ఇంటి మీద తండ్రి ఆయుధం వేయడన్న నమ్మకంతో, ఉరిమినప్పుడల్లా ఆ పేర్లు చదవడం తెలుగు ఇళ్లల్లో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఏ పనికీ సరిపడని ఒకే మాటను అన్నిటికీ వాడేవారిని ‘పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం’ అని ఎత్తిపొడిచే సామెత కూడా పిడుగుకు మంత్రం వేసే అలవాటు ఒకప్పుడు ఎంత మామూలుగా ఉండేదో తెలుపుతుంది. మంత్రం పిడుగును ఆపదు. కానీ పిల్లలను పిలిచి ఇంట్లో కూర్చోబెట్టి పేర్లు చదివించిన పెద్దలు, పిడుగు వేళ పిల్లలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంచారన్నది నిజం.

ఇతర దేశాల ఆచారాలన్నీ ఇంత హానిలేనివి కావు. ఐరోపాలో ఉరుములు వినిపించగానే చర్చి గంటలు మోగిస్తే పిడుగు తప్పుకుంటుందని నమ్మేవారు. ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన కట్టడం ఎక్కి తడిసిన తాడు పట్టుకొని గంట కొట్టినవారిలో, పద్దెనిమిదో శతాబ్దపు రెండో భాగంలో 33 ఏళ్లలో 103 మంది పిడుగుపాటుకు చనిపోయారని 1784 ప్రాంతంలో మ్యూనిక్‌లో వెలువడిన ఒక పుస్తకం లెక్కకట్టింది. మెరుపు విద్యుత్తేనని 1752లో ఫ్రాన్స్‌లోనూ అమెరికాలోనూ జరిగిన ప్రయోగాలు నిరూపించిన తరువాత, బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచించిన పిడుగు కడ్డీ, అంటే కట్టడం కొన మీద నిలిపి దళసరి తీగతో నేలలోకి కలిపే లోహపు కడ్డీ, క్రమంగా ఆ గంటల స్థానాన్ని ఆక్రమించింది. మన గుడి గోపురాల మీది రాగి కలశాలు కూడా ఇటువంటి కడ్డీలేనని ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాటను ఇక్కడే పరిశీలించడం అవసరం. కడ్డీ పని కొనతో పూర్తికాదు. పడిన విద్యుత్తును తేమ గల నేలలోకి దించే దారి ఉండాలి. ఆ దారి లేని కలశం పిడుగును పిలుస్తుంది గానీ దించలేదు, అప్పుడు విద్యుత్తు రాతిలోని తేమను ఆవిరి చేసి కట్టడాన్నే పగలగొడుతుంది. ఎత్తైన రాతి కట్టడానికి పిడుగు ఏమి చేస్తుందో తెలంగాణకు తెలియని సంగతి కాదు: కుతుబ్ షాహీల పాలన ముగిసి, అసఫ్ జాహీల పాలన ఇంకా మొదలుకాని మొగలు సుబేదారుల కాలంలో చార్మినార్ నైరుతి మూల మినారు పిడుగు పడి కూలిపోగా, 60,000 రూపాయలు ఖర్చు పెట్టి దానిని తిరిగి నిలబెట్టారు. కలశమే కవచమన్న భరోసాతో ఊరి గుడికి కడ్డీ పెట్టకపోవడం, గాలివానకు గుడి అరుగు మీదికి చేరే గొర్రెల కాపరులకూ కూలీలకూ మంచిది కాదు.

చార్మినార్ మరమ్మతు ఖర్చు లెక్కకు ఎక్కింది; అదే కాలంలో పొలాల్లో పోయిన ప్రాణాలు ఏ లెక్కకూ ఎక్కలేదు. వారు ఎలా చనిపోయి ఉంటారో మాత్రం ఇప్పటి వైద్యం చెప్పగలదు. పిడుగు మనిషి నెత్తి మీద సూటిగా పడడం అరుదు. అమెరికా వైద్యురాలు మేరీ ఆన్ కూపర్, వాతావరణ శాస్త్రవేత్త రొనాల్డ్ హోల్ అంచనాల ప్రకారం పిడుగు బాధితుల్లో అలా దెబ్బతినేవారు నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి వరకే. దాదాపు సగం మందికి దెబ్బ నేల ద్వారా వస్తుంది. పిడుగు చెట్టు మీదనో గెట్టు మీదనో పడి నేలలో నలువైపులా పాకినప్పుడు, పడిన చోటికి దగ్గరగా ఒత్తిడి ఎక్కువగా, దూరంగా తక్కువగా ఉంటుంది; ఆ నేల మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడిన ప్రాణి ఒక కాలి నుంచి ఎక్కి మరో కాలి గుండా దిగే విద్యుత్తుకు దారి అవుతుంది. ముందు కాళ్లకూ వెనుక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ కనుక, ఆ దారిలోనే గుండె ఉంటుంది కనుక, నాలుగు కాళ్ల పశువులకు ఇది మరింత ప్రాణాంతకం. 2016 ఆగస్టులో నార్వేలోని ఒక పీఠభూమి మీద గుమికూడిన 323 రెయిన్‌డీర్ జింకలు ఒకే పిడుగు వానలో చనిపోయాయి. ఒక చెట్టు కిందికి చేరిన గొర్ల మంద మొత్తం పడిపోయి, కాపరి బతికి బయటపడ్డ సందర్భాలు తెలంగాణ పల్లెల్లో వినిపించడానికి కూడా కారణం ఇదే. బాధితుల్లో మూడో వంతు మందికి దెబ్బ పక్కనుంచి వస్తుంది: చెట్టు మీద పడిన పిడుగు, మాను కంటే నీరు ఎక్కువగా ఉండి విద్యుత్తుకు సులువైన దారి ఇచ్చే మనిషి దేహాన్ని చూసుకొని, కాండం నుంచి గాలిలోకి దూకుతుంది. వానకు తడవకుండా చెట్టు మొదట్లో నిలబడడమన్న అలవాటు ఎందరి ప్రాణాలు తీసిందో దీనిని బట్టి ఊహించవచ్చు.

చెట్టు కింద నిలబడవలసి వచ్చేవారు ఎవరన్న ప్రశ్న దగ్గర మెట్‌పల్లి చరిత్ర పిడుగు చరిత్రతో కలుస్తుంది. చెరువుల కింద, బావుల కింద వ్యవసాయం నడిచిన కాలంలో ఈ ప్రాంతానికి వానాకాలపు పంటే ప్రధానం; నీళ్లున్న కొద్ది మడుల్లో తప్ప యాసంగి వరి, అంటే చలికాలంలో నాటి ఎండాకాలంలో కోసే వరి, విస్తారంగా ఉండేది కాదు. మిరుగం, అంటే మృగశిర కార్తె, జూన్ మొదటి వారం దాటి ప్రవేశించాకే పొలం పని ఊపందుకునేది. అంతకు ముందు రెండు నెలలు పిడుగు వానల కాలమే అయినా, ఆ కాలంలో బయట ఉండేవారు కొన్ని వృత్తులవారు మాత్రమే: గొర్రెలు మేపే గొల్లకుర్మలు, రోజూ తాళ్లెక్కే గౌడలు, మే నెలలో గోదావరి గట్టు అడవుల్లో తునికాకు తెంపే కూలీలు, ఇప్పపువ్వు ఏరే గోండులు. వీరిలో గౌడ వృత్తి ప్రమాదం ప్రత్యేకమైనది. తాటిచెట్టు మైదానంలో అన్నిటికంటే ఎత్తుగా ఉండే మాను. మోకు నడుముకు చుట్టి, కుండలు దింపడానికి దాని తలకొన దాకా ఎక్కిన మనిషి దిగేలోపే మొగులు కమ్ముకుంటే, చుట్టుపక్కల నేలలో పిడుగుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న ప్రాణి అతడే.

1963 జూలై 26న పోచంపాడు దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఈ పంచాంగాన్ని మార్చింది. జలాశయం నుంచి బయలుదేరి మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతం మీదుగా దిగువ మానేరు వైపు సాగే కాకతీయ కాలువ, తరువాతి కాలపు బోరుబావులు, వాటికి అందిన కరెంటు కలిసి యాసంగి వరిని చిన్న పంట స్థాయి నుంచి ప్రధాన పంట స్థాయికి తెచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద ప్రభుత్వం సేకరించిన వడ్లు 2014-15లో 24 లక్షల టన్నులు కాగా, 2020-21 నాటికి 141 లక్షల టన్నులకు చేరాయన్నది ఈ మార్పు ఎంత వేగంగా జరిగిందో చెబుతుంది. యాసంగి వరి కోతకు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. గాలిదుమారాలు, వడగండ్లు, పిడుగులు ఎక్కువయ్యే కాలమూ అదే. ఒకప్పుడు ఆ నెలల్లో ఇంటిపట్టున ఉండగలిగిన రైతు కుటుంబం ఇప్పుడు సరిగ్గా ఆ నెలల్లోనే ఆరుబయట ఉంటోంది.

వడ్ల కొనుగోలు కేంద్రంలో ఏమి జరుగుతుందో చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. మహిళా సంఘాలో, సహకార సంఘాలో నడిపే కేంద్రం చాలా ఊళ్లల్లో ఒక ఖాళీ స్థలం. దాని చుట్టూ చెట్లు గానీ, పక్కా కప్పు గానీ ఉండాలన్న నియమం లేదు, ఎత్తున ఉండేవి కరెంటు స్తంభాలే. కోత మిషన్ కోసిన వడ్లలో తేమ ఎక్కువగా ఉంటుంది, కాంటాకు ఎక్కాలంటే అది 17 శాతానికి దిగాలి. అందుకోసం రైతు కుప్పను రోజూ పొద్దున్నే పరిచి, సాయంత్రం కుప్ప చేసి, తేమ కొలిచే మిషన్ చూపే అంకె కోసం రోజుల తరబడి అక్కడే కాపలా ఉంటాడు. తూకం అయ్యాక కూడా లారీ రాకపోతే బస్తాల దగ్గర కాపలా తప్పదు. సాయంత్రం నాలుగు, ఐదు గంటల మధ్య పడమటి దిక్కున మొగులై దుమారం లేచినప్పుడు, కేంద్రంలో ఉన్నవారందరూ ఇళ్ల వైపు కాక కుప్పల వైపు పరుగెత్తుతారు: ఒకరు పరదా కొస పట్టుకుంటే మరొకరు దాని మీద రాళ్లు పెడతారు, ఇంకొకరు నీళ్లు పోకుండా చుట్టూ కాలువ తీస్తారు. తడిసి మొలకెత్తిన వడ్లకు ధర రాదు, ఆరు నెలల అప్పు తీరదు. ఆ భయం ముందు ఉరుము భయం నిలవదు. ఉరుము వినిపిస్తే ఇంట్లోకి పోవాలని చెప్పే ప్రచార పత్రం ఈ రైతును దృష్టిలో పెట్టుకొని రాసింది కాదు. జనవరి నుంచి మార్చి దాకా తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసే పసుపు దగ్గర కూడా అకాల వానల వేళ ఇదే జరుగుతుంది. జూలై, ఆగస్టుల్లో వరసగా వంగి నాట్లు వేసే ఆడకూలీల పరిస్థితి ఇంకొక రకం: మోకాలి లోతు నీళ్లున్న మడిలో వాళ్ల కాళ్లు ఉంటాయి, ఎటు చూసినా పరుగెత్తి చేరగల కప్పు ఉండదు, కనిపించేది గెట్టు మీది తుమ్మచెట్టో వేపచెట్టో మాత్రమే.

ఇళ్ల విషయంలో మార్పు మంచి వైపే జరిగింది. మట్టిగోడల మీద గడ్డి కప్పిన గుడిసె పిడుగుకు ఏ దారీ ఇవ్వదు, అంటుకొని కాలిపోతుంది. గూనపెంకుల ఇల్లు వానను ఆపుతుంది గానీ పిడుగును దించదు. ఇనుప చువ్వలతో పోసిన స్లాబు, పిల్లర్లు ఉన్న ఇల్లు విద్యుత్తును చువ్వల గుండా చాలావరకు నేలకు దించుతుంది కనుక, గత నాలుగైదు దశాబ్దాల్లో స్లాబు ఇళ్లు పెరిగిన కొద్దీ ఇంట్లో ఉన్న మనిషికి రక్షణ పెరిగింది. అమెరికా అనుభవం ఈ మాటను బలపరుస్తుంది. 1940ల్లో అక్కడ ఏటా మూడు వందలకు పైగా మనుషులు పిడుగుకు బలికాగా, జనాభా రెండింతలు దాటిన ఈనాడు ఆ సంఖ్య ముప్ఫైకి లోపే. పొలం పనివారు తగ్గడం, నీటి గొట్టాలు, కరెంటు తీగలు గోడల్లో ఉన్న గట్టి ఇళ్లు పెరగడం, వైద్యం చేరువ కావడం అందుకు కారణాలుగా చెబుతారు. మెట్‌పల్లి ప్రాంతంలో ఇల్లు గట్టిపడింది గానీ పొలం పని ఇంటికి రాలేదు.

చావుల లెక్క ఎలా తయారైందో కూడా ఈ చరిత్రలో భాగమే. పిడుగుకు చనిపోయిన మనిషి విషయంలో పోలీసులు పంచనామా చేసి, ప్రమాద మరణంగా నమోదు చేస్తారు. ఆ నమోదులను కలిపి జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ప్రచురించే నివేదికే దేశంలో ఈ విషయానికి ప్రధాన ఆధారం. 2022లో ప్రకృతి కారణాల వల్ల చనిపోయిన 8,060 మందిలో 2,887 మంది, అంటే మూడో వంతుకు మించి, పిడుగుకు బలైనవారని ఆ నివేదిక చెబుతుంది. వడదెబ్బ, వరద, చలి, కొండచరియలు ఏవీ ఆ ఏడాది అంత మందిని తీసుకోలేదు. రాష్ట్రాల్లో మధ్యప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది, ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ దానికి దగ్గరగా ఉంటాయి. తెలంగాణ ఆ వరుసలో లేకపోయినా, లెక్క పోలీసు స్టేషన్‌కు వచ్చిన చావులకే పరిమితమని మరువరాదు. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. పిడుగు దెబ్బ తగిలినవారిలో పదిమందికి తొమ్మిదిమంది బతుకుతారని వైద్యుల అంచనా. చెవుడు, మతిమరుపు, నరాల నొప్పి, కాళ్ల తిమ్మిరితో మిగిలిన ఆ తొమ్మిదిమంది ఏ నివేదికలోనూ కనిపించరు, కూలికి పోలేని వారి రోజులకు ఎవరూ పరిహారం కట్టరు.

పరిహారం దగ్గర కూడా పిడుగు చాలాకాలం అనాథే. కేంద్రం గుర్తించిన పన్నెండు విపత్తుల జాబితాలో తుఫాను, కరువు, భూకంపం, వరద, వడగండ్లు, చలిగాలులు ఉన్నాయి గానీ పిడుగు లేదు. తమ విపత్తు నిధిలో పది శాతానికి మించకుండా రాష్ట్రాలు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చన్న సడలింపును ఆధారం చేసుకొని ఒడిశా 2015లో పిడుగును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, మరుసటి ఏడాది బంగ్లాదేశ్ దానిని జాతీయ విపత్తుల్లో చేర్చింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా, 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి ఐదు లక్షల రూపాయలు ఇస్తుంది కనుక, పిడుగుపాటుకు గురైన రైతు ఇంటికి అది నిజమైన ఆసరా అయింది. కానీ ఆ పథకం పాసుపుస్తకం మీద ఆధారపడినది. కౌలుకు తీసుకొని దున్నేవారు, నాట్లకు వచ్చే కూలీలు, గొర్రెలు తప్ప గుంట భూమి లేని కాపరులు, అంటే పిడుగు ముందు అందరికంటే ఎక్కువసేపు నిలబడేవారు, అరవై దాటినా పొలం వదలని ముసలివారు దాని బయటే ఉన్నారు. ఇది సరిదిద్దవలసిన అన్యాయం.

తాటిచెట్టు గురించి ఒక మాట చెప్పక తప్పదు. బంగ్లాదేశ్ పిడుగులను ఆపడానికి లక్షల తాటి మొక్కలు నాటించింది. ఒడిశా ప్రభుత్వం 2024లో అదే దారి పట్టి, ఉన్న తాళ్లను నరకరాదని కూడా నిర్ణయించింది. పొలాల మధ్య ఎత్తుగా నిలిచిన తాటి పిడుగును తన మీదికి తీసుకుంటుందన్నది నిజమే. పిడుగు పడి తలకొన కాలిపోయిన మొండి తాళ్లు ఈ ప్రాంతంలో ఎవరైనా చూసి ఉంటారు. మడులు చదును చేసేటప్పుడు, ఇటుక బట్టీల కోసం, రోడ్ల విస్తరణ కోసం తాళ్లు కొట్టేయడం వల్ల గెట్లు బోసిపోయి, మైదానంలో మనిషే ఎత్తైన ప్రాణిగా మిగిలిన చోట్లు ఉన్నాయన్న వాదనలో బలముంది. అయితే నాటిన తాటి ఎత్తు పెరగడానికి కనీసం పదిహేను, ఇరవై ఏళ్లు కావాలి, పెరిగాక కూడా అది మేలు చేసేది దూరంగా ఉన్నవారికే. దాని మొదట్లో నిలబడినవాడికి పక్క దెబ్బ, నేల దెబ్బ రెండూ తప్పవు. తాళ్లను కాపాడడం అవసరమే గానీ దానిని రక్షణ పథకమని పిలవడం సరికాదు.

హెచ్చరిక విషయంలో పూర్వం లేని సౌకర్యం ఇప్పుడుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ దేశమంతటా అమర్చిన సెన్సర్ల ఆధారంగా నడిచే దామిని యాప్, మనిషి ఉన్న చోటికి ఇరవై, నలభై కిలోమీటర్ల లోపల మెరుపులు మొదలైతే ముందుగా తెలియజేస్తుంది. ఫోన్ పిడుగును ఆకర్షిస్తుందన్న భయానికి ఆధారం లేదు. గోడకు తీగతో కలిసిన ఫోన్, మోటరు స్టార్టరు డబ్బా, ఇనుప కంచె వంటివే ప్రమాదం. యాప్ లేనివారికి పాత లెక్క చాలు: మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లు గడిస్తే పిడుగు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు, ముప్ఫై సెకన్ల లోపు ఉరిమితే అప్పటికే లోపలికి పోవలసిన సమయం వచ్చినట్టు, చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రాకూడదు. ఇక దెబ్బ తిని పడిపోయిన మనిషి ఒంట్లో కరెంటు ఉంటుందని ముట్టుకోకుండా నిలబడిపోవడం, మధ్య భారతంలో కొన్ని చోట్ల చేసినట్టు పేడలో పాతిపెట్టడం ప్రాణం పోగొట్టే పనులు. పిడుగు దెబ్బకు ఎక్కువమంది చనిపోయేది గుండె, ఊపిరి ఆగిపోవడం వల్ల. ఆ మనిషిలో విద్యుత్తు ఏమీ మిగలదు, వెంటనే ముట్టుకోవచ్చు, రొమ్ము మధ్య రెండు చేతులతో బలంగా, వేగంగా నొక్కుతూ ఊపిరి అందిస్తే బతికే అవకాశం మిగతా గుండెపోట్ల కంటే ఎక్కువ. ఒకేసారి నలుగురు పడిపోతే మూలుగుతున్నవారి కంటే ముందు కదలకుండా ఉన్నవారిని చూడాలన్నది వైద్యుల నియమం.

ఇవన్నీ మనిషి తప్పుకోగలిగినప్పుడు పనికివచ్చే మాటలు. కుప్ప దగ్గరి రైతు తప్పుకోలేడు. అందువల్ల వచ్చే యాసంగి కొనుగోళ్లు మొదలుకాక ముందే మెట్‌పల్లి చుట్టుపక్కల ప్రతి కేంద్రంలో, నేలలోకి సరిగా దించిన పిడుగు కడ్డీ ఉన్న ఒక స్లాబు గది గానీ షెడ్డు గానీ కట్టాలని, పరదాలు రైతు పరుగెత్తి కప్పనవసరం లేకుండా మధ్యాహ్నం మూడు గంటలకే కప్పి ఉంచే బాధ్యత కేంద్రం నడిపేవారు తీసుకోవాలని, తడిసిన వడ్లను కూడా కొంటామని ముందే రాసి ఇవ్వాలని ఊరి పంచాయతీలు, సహకార సంఘాలు, మార్కెట్ కమిటీలు అడగాలి.